సద్ది డబ్బా మీద ‘డాక్టర్’

2022 వేసవి. గోదావరిఖనిలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మూడో తరగతితో బడి మానేసిన నేను ముప్పై ఏళ్లుగా అక్కడ గిన్నెల మీద పేర్లు కొడుతున్నాను. దీనికి వాడేది ఎన్‌గ్రేవింగ్ పెన్, అంటే కరెంటుతో అదిరే సన్నని ఉక్కు మొన. దానితో రాసింది చెరగదు. బఫింగ్ చక్రం మీద అరగదీస్తే గీత పోతుంది గానీ రేకు పలచబడి మచ్చ మిగులుతుంది. మంచి గిన్నె పాడుచేయడం నాకు గిట్టదు. అందుకే పేరు కాగితం మీద రాసిస్తేనే పని మొదలుపెడతాను.

ఆ వేసవిలో రాజయ్య వచ్చాడు. ఒళ్లు సహకరించక బొగ్గుబాయి పని మానుకున్న మనిషి. వారసత్వం కింద ఆయన నౌకరి కూతురు రజితకు వచ్చింది. సోమవారం నుంచి ఆమెకు డ్యూటీ. కొత్త సద్ది డబ్బా కొని, నా ముందు కాగితం పెట్టాడు.

“అవ్వా, గిట్లనే కొట్టు. డాక్టర్ రజిత.”

“దవాఖానల నౌకరా?”

“కాదవ్వా, తెలుగుల పీహెచ్‌డీ చేసింది. బాయి మీద మజ్దూరు పనే, గాని సదువు పెద్దది.”

కొట్టిచ్చాను. డబ్బాను తువ్వాలతో తుడుచుకుని మురిసిపోతూ వెళ్లాడు. మర్నాడు ఆ డబ్బా పట్టుకుని రజిత వచ్చింది.

“అవ్వా, ముందటి మాట తీసెయ్యరాదు?”

“ఎందుకు తియ్యాలె? దొంగ సదువా?”

“ఆరేండ్లు కష్టపడి సదివిన. సిగ్గెందుకు? గాని సోమవారం నా చేతికి చీపురిస్తరు. ఈ డబ్బా చూస్తే, ‘డాక్టరమ్మా, గీడ ఊడ్వు’ అంటరు. ముందుగాల నేను రజితనని ఎరుక కానియ్యి. సదువు సంగతి అడిగిన్నాడు చెప్త.”

వెనకాలే రాజయ్య వచ్చాడు. “నలుగురు ఇజ్జత్ ఇయ్యాలె గద బిడ్డా.”

“డబ్బా జూపెట్టి అడుక్కోవాల్నా బాపు?”

నాకు నా మీదే కోపం వచ్చింది. ఇన్నేళ్లు అక్షరాలు సరిచూసుకున్నాను గానీ, అలా రాయడం ఆ పేరు గల మనిషికి ఇష్టమేనా అని ఒక్కసారీ అడగలేదు.

“డబ్బా మోసేది నువ్వా, నీ బిడ్డనా?” అన్నాను.

“బిడ్డనే.”

“మరి ఆమెను రాయనియ్యి.”

కాగితం మీద ఆమె ‘రజిత’ అని మాత్రమే రాసింది. అదే ఇంకో డబ్బా మీద కొట్టాను. పాతదాన్ని రాజయ్య ఒడిలోకి లాక్కున్నాడు. “ఇది నాకుండనియ్యి. ఇంట్ల నేను దీంట్లనే తింట.”

రెండు నెలలకు ఆయన మళ్లీ దుకాణానికి వచ్చాడు.

“డాక్టరంటున్నరా బిడ్డను?” అని అడిగాను.

“లేదవ్వా, రజిత అనే అంటరు. మొన్న పనోళ్లంత కలిసి దరఖాస్తు పెట్టుకున్నరు. ఈమెతోని రాయించి, ‘గింత మంచిగ రాసినవ్, ఏం సదివినవే’ అని అడిగిన్రట. చెప్పిందట. ‘అయితే సంతకం కాడ డాక్టర్ రజిత అని రాయి, ఆఫీసోళ్లను సదవనియ్యి’ అన్నరట. రాసిందట.”

ఎక్కడ రజితో, ఎక్కడ డాక్టర్ రజితో, చదివిన మనిషే తేల్చుకోవాలి. ఇప్పుడు ఎవరైనా పేరు ముందు ఏదైనా చేర్చమంటే, కొనేది తండ్రైనా మొగుడైనా, ఆ పేరు గల మనిషిని తీసుకురమ్మంటున్నాను. విసుక్కుని పక్క దుకాణానికి పోయేవాళ్లూ ఉన్నారు. పోనీ.