భూమన్న బండిలో చార్జరు

బోధన్ బస్టాండు వెనక సందులో రామ్‌దాస్‌కు బ్యాటరీల దుకాణం ఉంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. చెరుకు రసానికి గంధకం పొగ పట్టే చోట మోటార్లు చూసీ చూసీ ముక్కు మొద్దుబారిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డా వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆయనకు తెలియదు. భార్య గంగుబాయి పొలం పనికి పోతే వంటింటి వైపు పోవద్దని చెప్పి మరీ పోయేది.

మొన్నటి డిసెంబరులో నవీపేట నుంచి సుమిత్రమ్మ ఫోను చేసింది. ఆమె భర్త భూమన్న ఒకప్పుడు చెరుకు లారీ నడిపేవాడు. ఫ్యాక్టరీ గేటు ముందు లారీల వరుస కదలని రోజుల్లో రామ్‌దాస్ దగ్గరికి వచ్చి చాయ్ తాగుతూ కూర్చునేవాడు. తర్వాత ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకేసి, మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్ పెట్టించి దాన్ని ఇల్లులా మార్చుకున్నాడు. పిల్లలు లేరు. మొగుడూ పెళ్లాలు ఆ బండిలోనే పండరీపురం, తుల్జాపూర్ తిరిగొచ్చారు. రామేశ్వరం పోవాలని అనుకుంటుండగానే శ్రావణంలో భూమన్న గుండె ఆగి పోయాడు.

“డ్రైవర్ను మాట్లాడిన తమ్మీ, నేనే రామేశ్వరం పోత” అంది సుమిత్రమ్మ. “లైట్లు మినుకు మినుకు అంటున్నయి. ఫ్రిజ్ ఆగిపోతున్నది, నా ఇన్సులిన్ ఖరాబైతది. జర వచ్చి సూడు.”

మర్నాడు మధ్యాహ్నానికి రామ్‌దాస్ నవీపేట చేరాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో బండి నిలబడి ఉంది. ఇంట్లోంచి ఒక నల్లటి కరెంటు తీగ దానిలోకి పోతోంది. చల్లటి గాలి వీస్తున్నా కిటికీలన్నీ బిగించి, పరదాలు లాగి ఉన్నాయి.

“లైట్లు సక్కగ చెయ్యి. ఆ చార్జరు మాత్రం ముట్టకు” అంది సుమిత్రమ్మ.

“గదేంది వదినె? రోగం దాంట్లనే ఉంటది గద.”

ఆమె మెల్లగా, “అది గుయ్యిమంటేనే మీ అన్న వస్తడు” అంది.

రోజూ అన్నం తిన్నాక ఆమె బండెక్కి, తలుపు మూసుకొని పడుకుంటుందట. మంచం కింద చార్జరు మోగుతూ ఉంటుంది. ముందు కుళ్లిన గుడ్డు లాంటి వాసన వస్తుంది. కాసేపటికి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. తల బరువెక్కుతుంది. అప్పుడు డ్రైవరు సీట్లో భూమన్న కూర్చొని ఉంటాడు. వీపు మాత్రమే కనిపిస్తుంది.

“పిలిస్తే పలుకడు. దగ్గరికి పోదామంటె నాకు కాళ్లు రావు.”

“భయం కాలేదా వదినె?”

“మొదట్ల అయింది. ఇప్పుడైతె రాకుంటెనే భయమైతది.”

రామ్‌దాస్ చేతిసంచి తీసుకొని బండెక్కాడు. వెనకే ఆమె తలుపు దగ్గరగా వేసింది. అలవాటు కొద్దీ వేసిందనుకున్నాడు.

లోపల మసక వెలుతురు. మంచం పలక ఎత్తితే, చెక్క గూట్లో పెద్ద బ్యాటరీ, పక్కనే తుప్పు పట్టిన చార్జరు. భూమన్న ఎవరి చేతనో పెట్టించిన తీగలు చిక్కుపడి ఉన్నాయి. ఏది ఎటు పోతోందో తెలుసుకోవాలని రామ్‌దాస్ నేల మీద పడుకొని ఒక్కొక్క తీగా పట్టుకొని చూసుకుంటూ పోయాడు. పావుగంట గడిచిందో, ఇంకా ఎక్కువో. తల దిమ్మెక్కింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు కదా అనుకున్నాడు.

ముందు సీటు స్ప్రింగు కిర్రుమంది.

తలెత్తి చూశాడు. సీట్లో ఒక మనిషి. భుజం మీద తువ్వాలు, మెడ వెనక చెమటకు అంటుకున్న నెరిసిన వెంట్రుకలు. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. చార్జరు మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు.

“రామ్‌దాసూ, నీళ్లు సూసినవా?” అన్నాడా మనిషి.

పలుకుదామంటే నాలుక తిరగలేదు. సీట్లో మనిషి తల మెల్లగా ఇటు తిప్పడం మొదలుపెట్టాడు. చెవి కనబడింది. చెంప కనబడబోతోంది. ఆ ముఖం చూడకూడదని మాత్రం రామ్‌దాస్‌కు గట్టిగా అనిపించింది. మోచేతుల మీద పాకి, తలుపును భుజంతో నెట్టి, మట్టిలో పడ్డాడు. ఖాళీ కడుపులోంచి పసరు కక్కేశాడు.

సుమిత్రమ్మ నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చింది. “కనబడ్డడా?” అని అడిగింది. ఆ కళ్లలోని ఆశ చూసినప్పుడు కలిగిన భయం బండిలో కూడా కలగలేదని రామ్‌దాస్ తర్వాత చెప్పేవాడు.

అరగంట అరుగు మీద కూర్చున్నాక కానీ బుర్ర పనిచేయలేదు. నీళ్లు అనే మాట చెవిలోనే ఉంది. లేచి, ఇంట్లో ప్లగ్గు పీకేశాడు. బండి తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిచి, గాలి ఆడేదాకా ఆగి, బ్యాటరీని బయటికి లాగాడు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. మూతలు తీస్తే లోపల నీటిచుక్క లేదు. చార్జరుకు మీటరు పెట్టి చూస్తే పదహారు వోల్టులు. బ్యాటరీ నిండినా ఆగే తెలివి దానికి లేదు. నాలుగు నెలలుగా ఆ బ్యాటరీని ఉడకబెడుతూనే ఉంది.

“వదినె, మీకు వచ్చిన వాసన విషం గాలి. మూసిన బండిల ఇంకొన్ని దినాలు పండితె లేవకపోదురు. నాకు ముక్కు లేదు గన్క తెల్వలే.”

“మరి ఆయన?”

రామ్‌దాస్ బ్యాటరీ మూతలు తిరిగి బిగించాడు.

పాత చార్జరు తీసేయడానికి ఆమెను ఒప్పించేసరికి సాయంత్రమైంది. నిజామాబాద్ దుకాణాల్లో దొరికేవి రెండు రకాలు. ఒకటి వర్క్‌షాపుల్లో వాడే బరువైన చార్జరు, అదీ నిండినా ఆగదు. ఇంకొకటి ఇళ్లలో పెట్టే ఇన్వర్టరు, దాంతో ఫ్యాను తిరుగుతుంది కానీ బండి కుదుపులకు తట్టుకోదు. రామ్‌దాస్ రెండూ వద్దనుకున్నాడు. ఫ్రిజ్, ఫ్యాను, నాలుగు లైట్లు కలిసి ఎంత లాగుతాయో కాగితం మీద లెక్కేసి, ముప్పై ఆంపియర్ల కన్వర్టరు హైదరాబాద్ నుంచి తెప్పించాడు. ఇంటి కరెంటు ఉన్నప్పుడు అదే లైట్లకూ ఫ్రిజ్‌కూ సరిపడా ఇస్తుంది. బ్యాటరీని పద్నాలుగున్నర వోల్టుల దాకా నింపి, నిండగానే తనంతట తానే తగ్గుతుంది. నీళ్లు పోయక్కర్లేని కొత్త సీలు బ్యాటరీని మనుషులుండే చోట పెట్టలేదు. బండి కింద ఇనుప పెట్టె కట్టించి, గాలి బయటికి పోయే గొట్టంతో అందులో బిగించాడు. పాత తీగలన్నీ పీకి, ఒక్కొక్కదానికీ ఫ్యూజు పెట్టి కొత్తవి లాగాడు. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ గంగుబాయి వెంట వచ్చి, తలుపు తెరిచి పెట్టుకొని గుమ్మంలోనే కూర్చుంది.

పనైపోయాక సుమిత్రమ్మ మంచం మీద కూర్చుంది. ఫ్రిజ్ చల్లబడింది. లైట్లు నిలకడగా వెలిగాయి. మోత లేదు. ఆమె ముందు సీటు వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

“పాతది మళ్ల పెట్టు తమ్మీ.”

“వదినె!”

“ఒక్క గంటనే. నేను ఆయన ముఖం సూడలేదు. ఒక్కసారి ఇటు తిరిగితె సాలు.”

“అది పెడితె మీరు పోతరు.”

“పోతె ఏమైతది?”

గంగుబాయి లేచి లోపలికి వచ్చింది. సుమిత్రమ్మ పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. చీకటి పడకముందే రామ్‌దాస్ పాత చార్జరును పెరట్లోకి తీసుకుపోయి, లోపలి రాగి చుట్టను కత్తెరతో మూడు ముక్కలు చేసి వచ్చాడు. వాళ్లు వెళ్లేటప్పుడు సుమిత్రమ్మ బయటికి రాలేదు.

బస్సులో తిరిగొస్తూ గంగుబాయి అంది. “నీళ్ల సంగతి నీ మనసుకే తట్టింది. అదే గట్ల కనబడ్డది.”

“గంతే అయి ఉంటది” అన్నాడు రామ్‌దాస్. బస్సు ఊరు దాటాక, “కానీ నా పేరును గట్ల సాగదీసి పిలిచేది భూమన్న ఒక్కడే” అన్నాడు.

నెల తర్వాత దుకాణంలో ఫోను మోగింది. రామేశ్వరం నుంచి సుమిత్రమ్మ.

“తమ్మీ, నువ్వు పెట్టిన డబ్బ మీద ఆకుపచ్చ లైటు ఆరిపోకుంట గట్లనే ఉన్నది. ఏమన్న ఖరాబైందా?”

“లేదు వదినె. బ్యాటరీ నిండింది. ఇగ ఊరికె కాపాడుతున్నది.”

“మంచిదే” అంది. ఫోను మాత్రం పెట్టేయలేదు. అటు నుంచి గాలి చప్పుడు, దూరంగా సముద్రం చప్పుడు వినబడుతున్నాయి. రామ్‌దాస్ కూడా ఫోను చెవికి పెట్టుకొని అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమే అంది.

“బండి కిటికీలు తీసే పెట్టిన తమ్మీ. ఉంట మరి.”