నాకెందుకు చెప్పలేదు

మరాఠీ గడ్డమీది దుర్గాపూర్ బొగ్గుగని కాలనీలో, తెలుగు కుటుంబాల్లోని పన్నెండు నుంచి పదహారేళ్ల ఆడపిల్లలతో మాట్లాడటం మా పని. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే వాళ్లు ఎవరికి చెప్పుకుంటారు, ఎందుకు చెప్పుకోరు? అది తెలిస్తేనే బడిలో ఏం నేర్పాలో తేలుతుంది. ఈ పనికి మేమిద్దరం. నేను ఆ కాలనీలోనే పుట్టిన గని కార్మికుడి కూతుర్ని. నాతో పనిచేసే ఆమె నాగ్‌పూర్ నుంచి వచ్చింది, తెలుగు ఒక్క ముక్క రాదు. పిల్లలంతా నా దగ్గరికే వస్తారని నాకు ఎంత ధీమా!

ఎవరొచ్చినా మన పద్ధతిలోనే మొదలుపెట్టేదాన్ని. “ఎవరి బిడ్డవమ్మా? ఏ క్వార్టర్ల ఉంటరు? ఏ చర్చికి పోతరు?” ఒద్దికగా జవాబులు చెప్పేవాళ్లు. అసలు సంగతి అడిగేసరికి “గట్లాంటియేం లేవక్కా” అని లేచిపోయేవాళ్లు. వాళ్లే పక్కగదిలో ఆమె ముందు కూర్చుని, బడిలో నేర్చిన మరాఠీలో గంటలకొద్దీ చెప్పుకునేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది. ఏం మందు పెట్టిందో ఏమో అనుకునేదాన్ని. మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఆమె చపాతీ అందిస్తే, ఆకలి లేదని అబద్ధమాడాను.

మా చర్చి పిల్ల ఒకతి ఉన్నట్టుండి ట్యూషన్ మానేసింది. అక్కడి సారు తనతో చేసే పాడు పనులు ఆ నాగ్‌పూర్ ఆమెకే చెప్పింది. ఆమె పిల్లకు ధైర్యం చెప్పి, ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించింది. సారు మీద కేసు పెట్టారు, ట్యూషన్ మూతపడింది. పిల్ల బయటపడిందన్న సంతోషం నాకు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం మంటే. సిగ్గు విడిచి ఆ పిల్లనే అడిగేశాను, నాకెందుకు చెప్పలేదని.

“నేను రాంగనే మా అమ్మ ఎవరో అడిగిన్రు గదక్కా,” అంది తల దించుకుని. “అమ్మ నన్నే తిడ్తదని భయమైంది. మీకు చెప్తే అమ్మకు చెప్పినట్టే గదా. గిది అమ్మకు చెప్పకుండ్రి.”

ఆదివారం చర్చిలో వాళ్లమ్మ జరిగి నాకు చోటిచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. “కన్నతల్లిని, నాకు చెప్పకపాయె. ఎవరో పరాయి ఆమెకు చెప్పుకున్నది. నాకెందుకు చెప్పలేదంటవ్ చెల్లె?” అంది. నా మంటే ఆమె గొంతులోనూ ఉంది. అవతల పక్క నుంచి పిల్ల నన్నే చూస్తోంది.

“నాకు తెల్వదక్కా,” అన్నాను. అమ్మకు చెప్పొద్దని ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పిన మాట అదొక్కటే.