మంచం పక్క ఇంటర్వ్యూ

తొంభైల చివర్లో, గోపాలపట్నంలో నేను పనిచేసే నర్సింగ్ హోమ్ మూసేస్తున్నారని తెలిసిన రోజు మా ఆవిడ ఒకే మాట అంది: "పదేళ్ళు ఒకేచోట కూర్చున్న డాక్టర్ని ఇప్పుడెవరు పిలుస్తారండీ?" నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ అది నిజం. నెలాఖరులోగా ఎక్కడో ఒకచోట చేరకపోతే ఇల్లు గడవదు.

అదృష్టం, ఊళ్ళో కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రికి ఫిజీషియన్ కావాలన్నారు. ఒక్కటే పోస్టు. సర్టిఫికెట్లన్నీ లామినేషన్ చేయించాను. కేవలం భోజనం కోసం వెళ్ళిన సదస్సుల కాగితాలు కూడా ఫైల్లో దోపాను. టై కట్టుకుని వెళ్తే అక్కడ బెంచీ మీద ఒకే ఒక్కాయన ఉన్నారు. అరవై దాటాయి, కాళ్ళకు మామూలు చెప్పులు. ప్రభుత్వాసుపత్రిలో రిటైరయ్యారట.

"ఈ వయసులో ఇంకా ఎందుకండీ శ్రమ?" అన్నాను, పైకి మర్యాదగానే.

"ఇంట్లో కూర్చుంటే నేర్చుకున్నది పోతుందని భయమండి. ఆదివారాలు ఒకాయన దగ్గర ఎకో, అదే గుండె స్కానింగు, నేర్చుకుంటున్నాను. మా అబ్బాయి కంటే చిన్నవాడు. తప్పు చేస్తే కసురుతాడు కూడాను!" అని మురిసిపోతూ చెప్పారు.

ఈయనా నాకు పోటీ అనుకున్నాను.

ఆసుపత్రి యజమాని సర్జను. నా ఫైలు ముట్టుకోనైనా లేదు. "కాగితాలకేం గానీ, రండి" అని ఇద్దరినీ వార్డులోకి తీసుకెళ్ళాడు. మంచం మీద దువ్వాడ నుంచి వచ్చిన మనిషి, స్టీలుప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. షుగరు జబ్బు. ఇన్సులిన్ తీసుకుంటూనే నెలలో రెండుసార్లు షుగరు పడిపోయి, స్పృహ తప్పాడు. ఏం చేస్తారని ముందు నన్నడిగాడు సర్జను.

కేస్ షీటు తిరగేశాను. పొద్దుటి డోసు తగ్గించాలన్నాను, కొత్తగా వచ్చిన మందుల పేర్లు నాలుగు గడగడా చెప్పాను. ఉద్యోగం జేబులో పడ్డట్టే అనిపించింది.

పెద్దాయన షీటు ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. "ఈ వారం ఏ షిఫ్టు నాయనా?"

"సీ షిఫ్టు బావూ. రాత్రంతా పని. పొద్దున్న ఇంటికొచ్చీసి, మందుల సీటీలో ఉన్నట్టు సూది ఏసీసుకుని తొంగుండిపోతాను."

"మరి టిఫిను?"

"రాత్రంతా ఆ కొలిమి యేడికాడ పని సేసొచ్చినోడికి తిండేటి దిగుద్ది బావూ? లేసినాకే."

అంతే! ఖాళీ కడుపుతో ఇన్సులిన్ వేసుకుని నిద్రపోతున్నాడు. చీటీలో "ఉదయం" అని ఉంది, అతను అలాగే చేశాడు. షిఫ్టు మారితే మనిషికి పొద్దు ఎక్కడ మొదలవుతుందో ఎవరూ అడగలేదు. ఈ ఊళ్ళో పదేళ్ళుగా వైద్యం చేస్తున్నాను, సగం ఊరు షిఫ్టుల మీద బతుకుతోందని నాకు తెలీదా!

"ఆ చీటీ ఎవరు రాశారు?" సర్జను గొంతు పెంచాడు.

మంచం మీది మనిషి ఒక్క క్షణం నా వైపు చూశాడు. వెంటనే తల తిప్పేసుకున్నాడు. "మర్సిపోనాను బావూ."

అప్పుడు గానీ నేను అతని ముఖం చూడలేదు. మూడేళ్ళుగా నా దగ్గరికే వస్తున్న మనిషి! నేను లోపలికి రాగానే అతను గుర్తుపట్టి ఉంటాడు. నాకీ ఉద్యోగం రాకుండా పోకూడదని అబద్ధమాడాడు. నాకు కలిగింది సిగ్గో, ఆశ్చర్యమో నాకే తెలీలేదు.

"నేనే రాశానండి," అన్నాను.

సర్జను ఉద్యోగం పెద్దాయనకే ఇచ్చాడు. ఇవ్వకపోతే అన్యాయమయ్యేది. ఆ వయసులో ఆయన వెళ్ళి కసురించుకుంటూ నేర్చుకున్నది ఒక్క ఎకో కాదు, ఎవరి దగ్గరైనా అడిగి తెలుసుకోవడం. గొప్ప మనిషి. నా లామినేషన్లు చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

వెళ్ళేముందు వార్డులోకి మళ్ళీ వెళ్ళాను. "నా పేరెందుకు చెప్పలేదయ్యా? నీ ప్రాణం మీదికి తెచ్చినవాణ్ణి."

"ఊరుకోండి బావూ. మా ఆడదానికి జొరమొచ్చినప్పుడు వానలో ఇంటికొచ్చి సూసినారు. మర్సిపోయేరేటి?"

నిజంగానే మర్చిపోయాను.

"మీ నర్సింగు హోము మూసేత్తన్నారట గదా, మరి ఇకమీదట యెక్కడుంటారు?" అన్నాడు.

"తెలీదు. ఇంకా ఎవరూ తీసుకోలేదు."

అతను దిండు కింద నుంచి నేను రాసిన ఆ చీటీయే తీసి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టాడు.

"మీ ఇంటి అడ్రసు రాయండి బావూ. ఉద్యోగం దొరికేదాకా అక్కడికే వత్తాను."