పైకప్పు మీద ఎండ, ఫ్రీజర్‌లో పాలు

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. సోలార్ గురించి నాకు తెలిసిందల్లా అల్లుడు చెప్పగా విన్నదీ, ఆ వేసవిలో అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే కాపెల్‌లో కళ్ళారా చూసిందీ.

అంతకుముందు అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ వీధిలో ఒక్క ఇంటి మీదే ఆ నల్ల పలకలుండేవి. అల్లుడు రేటు కనుక్కుని, "ఆ డబ్బుకి కారొస్తుందండీ" అని ఊరుకున్నాడు. ఈసారి పురుడు పొయ్యడానికి వచ్చేసరికి వీధి మొదటినుంచి చివరిదాకా పలకలే. రేటు ఏటేటా దిగుతూ వచ్చిందట. మా వాళ్ళ కప్పు మీదా బిగించేశారు. బ్యాటరీ కూడా పెట్టుకోమన్నారట గానీ, అది మాత్రం ఇంకా అంతగా దిగలేదు.

"ఇక్కడ కరెంటు పోదు కదా అత్తయ్య గారూ, బ్యాటరీ దండగ. మిగిలిన కరెంటు లైన్‌లోకి పంపిస్తే బిల్లులో తగ్గిస్తారు" అన్నాడు.

దండగ అనే మాట ఎవరి నోట విన్నా నాకు నచ్చుతుంది. అదీ నచ్చింది. మేమంతా పూటపూటా కరెంటు పోయే ఊళ్ళలో పెరిగినవాళ్ళం. అక్కడ ఇన్వర్టర్ బ్యాటరీకి పసిపిల్లకి పట్టినట్టు నీళ్ళు పట్టినవాళ్ళం. అమెరికాలో ఆ గోల లేదన్నది మావాళ్ళకో గర్వం. అల్లుడి స్నేహితులందరిదీ అదే లెక్క. కప్పు నిండా పలకలు, ఒక్క ఇంట్లోనూ బ్యాటరీ లేదు.

పాప పుట్టిన కొన్నాళ్ళకే అమ్మాయి థైరాయిడ్‌లో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ మందు మింగాలన్నారు. దానికి చాలా ముందే పాలివ్వడం మానేయాలి. మింగాక కొన్నాళ్ళు బిడ్డ దగ్గరికే రాకూడదు. పాపకేమో డబ్బా పాలు పడవు. తాగిందంతా కక్కేసేది, ఒంటినిండా దద్దుర్లు. అందుకని అమ్మాయి, తను తిన్నా పాపకి పడదని ఇష్టమైన పెరుగు కూడా మానేసి, పంప్ పెట్టుకుని పాలు తీసి, చిన్న చిన్న సంచుల్లో పోసి, గరాజ్‌లోని పెద్ద ఫ్రీజర్‌లో గడ్డకట్టించింది. తల్లిపాలని ఇడ్లీ పిండిలా దాచడమేమిటని మొదట ముఖం చిట్లించాను. తరవాత ఆ సంచులు సర్దింది నేనే, పాతవి పైన, కొత్తవి అడుగున. పాప కడుపు నిండేది వాటితోనే. అయిపోతే మళ్ళీ రావు.

అమ్మాయి మందు మింగి మేడ మీది గదిలోకి వెళ్ళిన మర్నాడు గాలివాన వచ్చింది. చెట్లు తీగల మీద పడ్డాయి. ఊరంతటికీ కరెంటు పోయింది.

తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఎండ పేలిపోతోంది. వంటింట్లో స్విచ్ వేశాను. వెలగలేదు.

"బాబూ, ఎండొచ్చిందిగా, పైనవి పనిచెయ్యవా?"

"లైన్ పోతే అవీ ఆఫ్ అయిపోతాయండీ."

"ఎండ పోలేదుగా!"

"లైన్ రిపేర్ చేసేవాళ్ళు స్తంభాల మీద ఉంటారండీ. మన కరెంటు వెనక్కి వెళ్తే వాళ్ళ ప్రాణం మీదికొస్తుంది. అందుకని వాటంతటవే ఆగిపోతాయి. బ్యాటరీ ఉంటే మన ఇంటివరకూ వాడుకునేవాళ్ళం." ఆ చివరి మాట అంటూ నా ముఖం చూడలేకపోయాడు.

తిట్టుకుందామంటే మనిషి దొరకలేదు. స్తంభమెక్కినవాడు చావకూడదన్నది న్యాయమే కదా.

వీధి మొగలో చెట్టు అడ్డంగా పడి కారు కదిలే దారి లేదు. అల్లుడు ఐస్ కోసం నడిచి వెళ్ళి వట్టి చేతులతో వచ్చాడు. ఊరంతా అంతకుముందే ఆ షాపుల మీద పడింది. నేను పాపకి కావలసిన సంచులు ఒక్కసారే తీసి చన్నీళ్ళ గిన్నెలో పెట్టుకుని, ఇంట్లో ఉన్న బొంతలూ దుప్పట్లూ అన్నీ తెచ్చి ఫ్రీజర్‌కి కప్పాను. మేడ మీంచి అమ్మాయి గొంతు.

"అమ్మా, ఫ్రీజర్ ఓపెన్ చెయ్యకు."

"చెయ్యలేదులేవే."

"ఎవర్నీ చెయ్యనివ్వకు."

"మెడకి కుట్లు పెట్టుకుని ఆ అరుపులేమిటి? వెళ్ళి పడుకో."

ఆ మర్నాటికి ఫ్రీజర్ కింద నీళ్ళు. తుడిచాను. మళ్ళీ వచ్చాయి. తుడవడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు పక్కింటి తెల్లాయన తలుపు కొట్టాడు. ముసలాయన, చేపలు పట్టడం ఆయన సరదా. చేతిలో చేపల డబ్బా ఉంది. మా ఫ్రిజ్‌లో కాస్త చోటిస్తామా అని అడిగాడట.

"మా ఇంట్లోనూ కరెంటు లేదని చెప్పారా?" అన్నాను అల్లుడితో.

"చెప్పానండీ. నమ్మట్లేదు. ఇంటి మీద అంత సోలార్ ఉంది, మీకేం ఇబ్బంది అనుకున్నాడట."

సంగతంతా విని ఆయన చేపల డబ్బా అక్కడే పెట్టి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. పెట్టెలా మడిచే పలక ఒకటీ, దానికి తగిలించే చిన్న బ్యాటరీ డబ్బా ఒకటీ తెచ్చాడు. టెంట్లలో గడపడానికి వెళ్ళినప్పుడు వాడుకుంటారట. చలికాలం సేల్‌లో కొన్నాడట, వారం సరుకులకయ్యే ఖర్చుకి కాస్త అటూ ఇటుగా. పలకని పచ్చిక మీద పరిచి వైరు లాగితే ఫ్రీజర్ గుర్రుమంది. అది రెండు రోజులూ కంచెకి అవతలే ఉంది, ఒక ఫ్యాన్ తిప్పుకుంటూ. ఆయన మాకు కరెంటుందనుకున్నాడు. మేము ఎవరికీ లేదనుకున్నాం.

దుప్పట్లు తీసి మూత ఎత్తాను. పైవరస అంతా నీళ్ళు.

"అమ్మా, నొక్కి చూడు. మధ్యలో ఐస్ తగిలితే ఉంచెయ్. లేకపోతే పాపకి పట్టద్దు, మళ్ళీ ఫ్రీజ్ చెయ్యకూడదు" అమ్మాయి మేడ మెట్ల పైనుంచి చెబుతోంది.

ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కాను. అడుగున కొన్నిట్లో పలుగురాయిలా చిన్న గడ్డ తగిలింది. అవి పక్కన పెట్టాను.

"ఎలా ఉన్నాయమ్మా?"

"చూస్తున్నానే."

"చాలా పోయాయా?"

"చూస్తున్నానన్నాగా!"

మిగతావి బకెట్‌లో వేసుకుని పెరట్లోకి వెళ్ళాను. తల్లిపాలు ఎవరి కాలికిందా పడకూడదని మాలో పట్టింపు, అందుకని సింకులో పొయ్యలేదు. గోడవార గులాబీ మొదట్లో కూర్చుని ఒక్కో సంచీ కత్తిరించి పోశాను. గిన్నెకి అంటుకున్న పాలు కూడా నీళ్ళతో కడిగి టీలో పోసే మనిషిని నేను. పాలు పోస్తుంటే మట్టి గబగబా పీల్చేసుకుంది. పైన కప్పు మీద పలకలు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. మేడ మీది కిటికీలో తెర కదిలింది. నేను తలెత్తలేదు.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. మిగిల్చిన సంచులు కొద్ది రోజులే వచ్చాయి. డాక్టర్ ఇంకో రకం డబ్బా పాలు రాసిచ్చింది, పడనివాళ్ళకి ఇచ్చేది. వేలితో నాలిక మీద వేసుకుని చూశాను. చేదు. పాప ఒక్క గుక్క తాగి పెదాలు బిగించేసింది. చెంచాతో పట్టాను, ఉమ్మేసింది. ఎత్తుకుని తిప్పాను, ఏడుపే. ఆ ఏడుపుకి మేడ మీద గది తలుపు తెరుచుకుంది. అమ్మాయి కిందికి రాకూడదు.

"అమ్మా, తాగుతోందా?"

"తాగుతుందిలే. నువ్వు తలుపేసుకో" అన్నాను.

తలుపు పడిన చప్పుడు ఎంతసేపటికీ వినపడలేదు.