సగం కోరికకు ససేమిరా

మా చెల్లెలి భర్తను ఆ కంపెనీలో ‘ససేమిరా’ అని పిలిచేవారు. ఎదుట సార్ అనీ, చాటున ఈ పేరూ. పెట్టినవాళ్ల సంస్కారానికి అదొక కొలబద్ద.

ఆ కంపెనీ ఆసుపత్రుల్లో రక్తం నిల్వచేసే ఫ్రిజ్‌లకు నియంత్రణ పెట్టెలు తయారుచేస్తుంది. పెట్టె లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. అందులో పిన్నుల భాగం ఆయన అధీనంలో ఉండేది. చిప్పుకు ఉండే సన్నని లోహపు కాళ్లే పిన్నులు. అవి తక్కువ, పనులు ఎక్కువ కనుక అవే పిన్నులు ఒకప్పుడు హెచ్చరిక గంటకు, ఇంకొకప్పుడు సొంత గొంతున్న తెరకు పనిచేయాలి. పూర్తిగా మారితే తెర అరుస్తుంది. అసలు మారకపోతే గంట అరుస్తుంది. సగం మారితే రెండూ నోరు మూసుకుంటాయి.

మార్పు కావాలని తక్కిన ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడగాలి. అడిగే తీరు అధ్వానం: నాలుగు పిన్నులు కావాలంటూ మూడింటికే పని చెప్పి, నాలుగోదాన్ని గాలికి వదిలేసేవి. ఒక్క వివరం లోపించినా ఆయన రాసిన భాగం ఏ పిన్నునూ ముట్టకుండా మొత్తం కోరికను తిప్పికొట్టేది.

మేనేజరు వయసులో చిన్నవాడు. వినయం ‘సార్’ అన్న పిలుపుతోనే సరి.

“సార్, ఉన్నంతవరకు మార్చేసి సరే అనెయ్యండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు.”

“సగం గడ్డం గీసి పంపిస్తే ఊరుకుంటావా బాబూ?”

“మీతో మాట్లాడితే గోడకి తల కొట్టుకున్నట్టే.”

“కొట్టుకో. గోడకేం కాదు.”

ఇంట్లోనూ అదే వరస. “కూరగాయలు తెండి అంటే కదలరు అన్నయ్యా. ఏ కూర, ఎంత, అది దొరక్కపోతే ఇంకేం తేవాలి, అన్నీ చెప్పేదాకా చెప్పుల్లో కాలు పెట్టరు!” అని మా చెల్లెలు తల పట్టుకునేది.

ఆయన పొరపాటూ ఒకటుంది, దాచను. ఒక ఆసుపత్రిలో రక్తానికి బదులు నీళ్ల సంచులతో పెట్టెకు పరీక్ష జరిగింది. తలుపు తెరిచి ఉంచగా లోపల వేడెక్కి గంట మోగింది. అప్పుడే తెర కోసం కోరిక వచ్చింది. ఆ కోరిక రాతలో లోపం లేదు. కాని మూడో పిన్ను దగ్గర చిప్పే మొరాయించింది. అప్పటికే మారిన రెండింటినీ కెర్నెల్ వెనక్కి తిప్పింది. ఎక్కడికి? అంతకు ముందు చేస్తున్న పనికి కాదు, కరెంటు పెట్టినప్పటి తొలి స్థితికి. తొలి స్థితిలో గంట మూగది.

“ఇదేంటి, వేడి తగ్గకుండానే గంట ఆగిపోయింది?” అని పరీక్షకు వెళ్లిన ఆయన్ను అడిగింది అక్కడి హెడ్ నర్సు. పోతూ పోతూ ఆయన ఫోన్ నంబరు తీసుకుంది.

మేనేజరుకు పండగైంది. “చూశారా సార్? మీ తిప్పికొట్టుడే గంట గొంతు నొక్కింది.”

“వెనక్కి తిప్పేచోట తప్పు నాదే. ముట్టుకునే ముందు ఏ పిన్ను ఏ పనిలో ఉందో గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికే చేర్చాలి. దిద్దేస్తాను.”

“దిద్దడాలేం వద్దు. తిప్పికొట్టడమే తీసేద్దాం. ఎంత మారితే అంత మారుతుంది, సరే అని చెప్తుంది.”

“గంటా మోగదు, తెరా పలకదు. పైగా అంతా బాగుందని అబద్ధం!”

“అబద్ధం కాదు సార్, సర్దుబాటు.”

రోగి నరంలోకి ఎక్కబోయే రక్తం విషయంలో సర్దుబాటు అనగలిగిన ఆ నాలుకకు ఏ శిక్ష వేయాలో ఏ శాస్త్రకారుడూ ఊహించి ఉండడు.

ఆ భాగపు బాధ్యుడు ఒప్పుకోనిదే కొత్త కెర్నెల్ బయటికి పోరాదన్నది వాళ్లు పెట్టుకున్న నియమమే. ఆయన ఒప్పుకోలేదు. అందుచేత నియమాన్ని అలాగే ఉంచి బాధ్యుణ్ణి మార్చారు. ఆ పీటమీద మేనేజరే కూర్చున్నాడు. ఆయన దిద్ది ఇచ్చిన ప్రోగ్రామును తెరిచి చూసినవాడు లేడు. ఆయన్ను ఆ బాధ్యత నుంచి తప్పించడానికి కారణం ‘సహకార లోపం’ అట! ఆ ఉత్తర్వు నకలు నా బీరువాలో ఉంది. కాదనేవారు వచ్చి చదువుకోవచ్చు. బయటివారితో పెట్టె గురించి మాట్లాడితే ఉద్యోగం ఉండదని కూడా హెచ్చరించారు.

ఒక ఆదివారం హెడ్ నర్సు ఇంటికి ఫోన్ చేసింది. “సార్, పెట్టెలు వచ్చాయి. దించుకోమంటున్నారు. గంట బాగుచేశారా?”

ఆయన మా చెల్లెలి వైపు చూశారు. ఆమె స్టవ్ ఆపింది.

“నేను బాగుచేసింది అందులో పెట్టలేదమ్మా. దించుకోకండి.”

పెట్టెలు వచ్చిన బండిలోనే తిరిగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నమే ఆయన సంచీతో ఇంటికి వచ్చేశారు.

“పోయిందా?” అంది మా చెల్లెలు.

“పోయింది.”

“ఏది, గంటా? ఉద్యోగమా?”

“ఉద్యోగం.”

“అయితే రండి, అన్నం చల్లారిపోతోంది.”