దున్నినా పోని బాట

అలియాబాద్ దగ్గర మా ఎనిమిదెకరాల నడుమ నుంచి ఒక కాలిబాట ఉండేది. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్లు నెత్తిన గంపలతో ఆ బాట వెంటే మా ఊళ్లోకి వచ్చేవారు. ఏటా తొలకరికి బాపు దాని మీదుగానే నాగలి తోలేవాడు. బాట మాయమయ్యేది. వారం తిరగకముందే వాళ్లు మళ్లీ అదే చోట నడిచి బాట వేసేవారు. ఆ రెండడుగుల మేర మొలకలు తొక్కుడుపడినా బాపు పల్లెత్తు మాట అనేవాడు కాదు. మేం దున్నడం మా హక్కయితే వాళ్లు నడవడం వాళ్ల హక్కు. అందుకు కాగితమేమీ లేదు.

బాపు పోయాక ఆ భూమిని వెంచర్ చేయించాను. సర్వేయర్ ఊరి పటం, అదే నక్ష, పరిచి చూశాడు. అందులో బండ్లబాట ఉంది, కాలిబాట లేదు.

"నక్షల లేదంటె లేనట్టే సార్" అన్నాడు.

నాకు కావలసిందీ అదే. చుట్టూ నిలువెత్తు ప్రహరీ లేపించాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఎన్నిసార్లు దున్నలేదు మేం? మళ్లీ ఎటో ఒకవైపు బాట వేసుకుంటారులే అనుకున్నాను. దున్నడానికీ గోడ కట్టడానికీ తేడా తెలియని రైతు కొడుకుని నేను.

వాళ్లు వేసుకున్నారు కూడా, కరీంనగర్ రోడ్డు అంచున. టిప్పర్లు, బస్సులు రాసుకుంటూ పోయే ఆ రోడ్డు పక్కన నడిచేవాళ్లకు జానెడు జాగా వదలాలని ఎవరికీ పట్టలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ప్లాట్ల ధర పెరిగిందని సంబరపడ్డవాళ్లలో నేనే ముందున్నాను.

ముప్పై ఏళ్లు మా ఇంటికి చేపలు తెచ్చిన అవ్వను ఒక పొద్దున అక్కడే టిప్పర్ గుద్దింది. ప్రాణం దక్కింది కానీ తుంటి విరిగింది. ఆ సంగతి నా చెవిన పడిన రోజే, ఒకప్పుడు సర్పంచ్‌గా చేశాను కాబట్టి, నన్ను పిలిచి సైకిల్ ర్యాలీకి జెండా ఊపించారు. "నడవండి, సైకిల్ తొక్కండి" అని మైకులో బోధించాను. ర్యాలీ కోసం గంటసేపు లారీలను ఆపారు. కార్ల మీద సైకిళ్లు కట్టుకొచ్చినవాళ్లు మళ్లీ కార్ల మీదే కట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత లారీలను వదిలారు.

సాయంత్రం అవ్వను చూడబోయాను. తిడుతుందేమోనని బెదిరాను. తిట్టినా బాగుండేది.

"దున్నితె మల్ల నడిసి తొవ్వ జేసుకుంటిమి పటేలా. గోడ మీదికెల్లి ఎట్ల నడుస్తం?" అంది మంచంలోంచి. "ఇగ నా కోడలు వోతాంది గా రోడ్డెంబడి. ఇద్దరు పసిపోరగాండ్లు దానికి. అది తిరిగొచ్చేదాంక నా పానం కుదుటవడది."

గోడకు చిన్న గేటొకటి పెట్టమని ప్లాట్లు కొన్నవాళ్ల సంఘాన్ని అడిగాను.

"సెక్యూరిటీ ప్రాబ్లం అంకుల్. మెయిన్ గేట్ నుంచి రమ్మనండి" అన్నారు.

ఆ మెయిన్ గేటు ఉన్నదే ఆ రోడ్డు మీద. రోజూ పొద్దున్నే బూట్లు తొడుక్కుని గోడ లోపల గుండ్రంగా తిరిగేవాళ్లే ఈ మాటన్నది. ఒళ్లు మండింది. కానీ ఆ గోడ చూపించి ప్లాట్లు అమ్మింది నేనే, ఇక ఏ ముఖం పెట్టుకుని కొట్లాడను?

చెరువు వైపు నుంచి ఊరి వైపు దాకా అంచున ఒక వరుస ప్లాట్లు మొదట్లోనే పిల్లల కోసం అట్టే పెట్టుకున్నాను. ఆ వరుసకు రెండు కొసలా గోడ పగలగొట్టించాను. సంఘం నోటీసు పంపింది. నా కొడుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అవ్వకు కబురు పంపిన మర్నాడు పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడ్డాను. కోడలు గంపతో వచ్చింది. విరిగిన ఇటుకల దగ్గర ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఇట్లకెల్లి రావొచ్చునా పటేలా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లలో ఆమె అత్త ఒక్కనాడూ అడగని మాట అది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు జరిగాను.