గాయని పేరు అనే గడి

రిటైరయ్యాక మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. కొందరు కాలనీ సంఘానికి అధ్యక్షులవుతారు. నేను క్యాసెట్ల మీద పడ్డాను. కల్లూరులో మా మేడమీద గది నిండా అవే. సినిమా పాటలు, హరికథలు, ఇంకా కుర్రతనంలో మా ఊరి చేలల్లో టేపురికార్డరు మోసుకు తిరిగి నేనే పట్టిన కూలీల పాటలు. వాటి వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి డేటాబేస్ కట్టాను. ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా ఇన్ని గొప్పలు పోలేదు.

పాట, గాయని, అలమర, అర, రికార్డు చేసినవారు. ఏ గడి ఖాళీగా వదిలినా ఒప్పుకోకుండా నేనే బిగించాను. క్రమశిక్షణ ఉండాలి కదా! కూలీల పాటల దగ్గరికొచ్చేసరికి ఆ క్రమశిక్షణే నా పీక పట్టుకుంది. గాయని పేరు ఇవ్వనిదే ముందుకు పోనంటుంది. నాకు తెలిస్తే కదా! విసుగొచ్చి అందరికీ ‘కూలీ ఆమె’ అని కొట్టేశాను. రికార్డు చేసినవారి గడిలో మాత్రం ప్రతిసారీ నా పేరు, ఇంటిపేరుతో, డిగ్రీతో సహా ఉంది.

“బియ్యం డబ్బా యాడుండాదో తెలీదు గానీ, ఏ క్యాసెట్టు యాడుండాదో మీకు శానా బాగా తెలుసు” అంది మా ఆవిడ. కంప్యూటర్ రానివాళ్ల అసూయ అనుకుని వదిలేశాను.

పక్కన కొత్త ఇంటికి బేతంచెర్ల బండలు పరుస్తున్నారు. అక్కడ పనిచేసే ఒకామె మంచినీళ్లకు వచ్చి, మా ఆవిడతో మాటల్లో మాది ఏ ఊరో, నా క్యాసెట్ల పిచ్చేమిటో విని, గుమ్మంలో ఆగిపోయింది.

“సార్, శెనక్కాయ చేన్లో మా యమ్మ పాడతాంటే మీరు టేపులో పట్టినారంట. సచ్చిపోయేదాకా అదే చెప్తాండె. ఆ పాట ఉండాదా సార్? ఒక్కసారి ఇనాల.”

పొంగిపోయి ఆమెను మేడమీదికి తీసుకెళ్లాను. మా ఆవిడా వెనకే వచ్చింది. నా డేటాబేస్‌ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి!

“మీ అమ్మ పేరు చెప్పు. చిటికెలో తీస్తా.”

చెప్పింది. కొట్టాను. ఏమీ రాలేదు. ‘కూలీ ఆమె’ అని కొడితే నలభై ఒక్క వరుసలు బిలబిలమంటూ వచ్చాయి. ఆమె వంగి తెర మీద అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

“వీళ్లల్లో మా యమ్మ ఎవరు సార్?”

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. క్యాసెట్లు ఒక్కొక్కటే వేస్తూ పోయాను. ఆరోది మొదలవగానే ఆమె నేలమీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయింది. నేను ఆపేలోగా టేపులోంచి కుర్ర గొంతొకటి, “చాల్లే, ఇంక పో. పని చూసుకో” అంది.

“ఇది మీరే కదా సార్” అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. “అమ్మ పేరు రాసుకోండి. మళ్లా మరిచిపోతారు.”

ఆమె ముందే గడిలో పేరు కొట్టాను. పాట ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తానని కూడా అన్నాను. ఇంతలో పక్కింటి నుంచి మేస్త్రీ కేకేశాడు. ఆమె గబగబా దిగి వెళ్లిపోయింది.

నేను గుండె బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాను.

“ఆ పిల్ల పేరేమి?” అని అడిగింది మా ఆవిడ.

నేను అడగలేదు.